చిటికెన వేలు

సాయంత్రం ఆరయితే ఎలమంచిలిలో మా ఇంట్లో చిన్నోడి గిటారు మొదలవుతుంది. వారం నుంచి పావుగంటకే ఆపేసి మణికట్టు పట్టుకుంటున్నాడు. "నాకిది రాదమ్మా, ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు నిన్న.

పక్కన కూర్చుని చూశాను. పిక్ పట్టుకున్న చేతి చిటికెన వేలిని గిటారు చెక్కకేసి గట్టిగా నొక్కుతున్నాడు. చెయ్యి జారకుండా అదో ఆసరా. కానీ నొక్కేకొద్దీ మణికట్టు బిగుసుకుపోతోంది.

పెళ్లికి ముందు నేను వీణ నేర్చుకున్నాను. అందులో చూపుడు వేలు, మధ్య వేలు మీటుతుంటే, చిటికెన వేలు పక్కనున్న మూడు తాళం తీగలు చూసుకోవాలి. బిగిస్తే తాళం తప్పినట్టే.

"ఆనించు నాన్నా, నొక్కకు. ఈగ వాలినట్టుండాలి. చేతి బరువు మోయడానికి గిటారు అంచుంది కదా, ముంజేయి దానిమీద వదిలెయ్" అన్నాను. కాసేపు చెయ్యి విదిల్చుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి అరగంట వాయించాడు.

లేస్తూ అడిగాడు: "ఇంత తెలిసీ నువ్వెందుకు మానేశావమ్మా?"

పొయ్యి మీద పప్పుందంటూ వంటింట్లోకి వచ్చేశాను. రేపు అన్నయ్యకి ఫోన్ చెయ్యాలండీ, అటక మీది వీణ దింపి ఉంచమని.