లింగంపల్లి దుప్పులు, అరిజోనా వేట



పల్లెలో సేవ చేసే పాస్టరు వేట గూర్చి వ్రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. నేనూ ఆ సంగతి ఎన్నడూ ఆలోచించినవాణ్ణి కాను. మా అక్క చేసిన ఒక ఫోనుతో ఇది మొదలైంది.

"తమ్ముడూ, వాడు తుపాకీ కొన్నాడంట. నవంబరులో జింక వేటకు పోతాడంట. నా మాట వినడం లేదు. నువ్వు వచ్చి చెప్పు" అని ఏడ్చింది. వాడంటే ఆమె పెద్ద కొడుకు. చదువు కొరకు అమెరికా వెళ్ళి, అరిజోనా రాష్ట్రంలో స్థిరపడ్డాడు. అక్కా బావగారూ లింగంపల్లిలో ఉంటారు.

మరునాడు వికారాబాదులో రైలెక్కాను. శంకరపల్లి, నాగులపల్లి దాటితే లింగంపల్లి. నా చిన్నతనంలో ఈ దారి పొడవునా జొన్నచేలు, రాళ్ళగుట్టలు కనిపించేవి. ఇప్పుడు మెడ ఎత్తి చూడవలసిన మేడలు. 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు లింగంపల్లి స్టేషనును నగరానికి కలిపాయి. మెడలో ఉద్యోగపు కార్డులు, వీపున సంచులు వేసుకున్న యువతీ యువకుల మధ్య నేను నా చేతిసంచితో దిగాను.

సాయంకాలం బావగారు నన్ను హైదరాబాద్ యూనివర్సిటీ వైపు నడిపించారు. 1974లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయం మొదట అబిడ్స్‌లో సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచి, తరువాత ఇక్కడికి వచ్చింది. నాలుగు వైపులా కంపెనీల భవనాలు లేచినా, లోపల గుట్టలు, చెరువులు, చిట్టడవి మిగిలాయి. అక్కడ చుక్కల దుప్పులున్నాయి. మనం వాడుకలో అన్నిటినీ జింకలంటాము గాని, యేటేటా కొమ్ములు రాల్చి మళ్ళీ మొలిపించుకొనేది దుప్పి. జింక కొమ్ములు రాలవు.

దానిని ఆనుకొని ఉన్నదే కంచ గచ్చిబౌలి. కంచ అంటే పశువులు మేసే బీడు అని మన పల్లెవారికి చెప్పనక్కరలేదు. 2025 మార్చి చివర అక్కడ 400 ఎకరాల భూమిలో యంత్రాలతో చెట్లు కొట్టడం మొదలైంది. విద్యార్థులు అడ్డుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపించింది. ఆ రోజుల్లో రాత్రిపూట నెమళ్ళ అరుపులు విని మా అక్క నిద్రపోలేదట. "ఇక్కడ ఆ మూగజీవాల కొరకు నేను ఏడ్చాను. అక్కడ నా కొడుకే వాటిని కాలుస్తానంటున్నాడు" అన్నది. ఆమె దుఃఖం నాకు అర్థమైంది.

రాత్రి ఏడున్నరకు వాడికి ఫోను చేశాము. అక్కడ ఉదయం ఏడు గంటలు.

"మావయ్యా, అమ్మ పిలిపించిందా?" అని నవ్వాడు.

"పిలిపించింది. ఎందుకురా ఈ పని? మాంసం అంగడిలో దొరకడం లేదా?" అన్నాను.

"దొరుకుతుంది మావయ్యా. ఇన్నేళ్ళూ ప్లాస్టిక్ కాగితంలో చుట్టింది తెచ్చుకొని తిన్నాను. ఆ ప్రాణం ఎక్కడిదో ఎన్నడూ చూడలేదు. ముందు నా మాట వినండి, తరువాత మీరు వద్దంటే మానుకుంటాను" అన్నాడు. విన్నాను.

వాడు వెళ్ళదలచినది సోనోరా ఎడారికి. మనుష్యుని కంటె ఎన్నో రెట్లు ఎత్తు పెరిగే సాగువారో జెముళ్ళు, ఎండిన వాగులు, రాతి కొండలు ఉండే దేశమది. అక్కడి దుప్పికి చెవులు కంచరగాడిద చెవులవలె పెద్దవి. అందుకే దానికి ఆ గాడిద పేరే పెట్టారు. ఆ భూమిలో చాలా భాగం ప్రజలది. ప్రభుత్వ భూనిర్వహణ శాఖ, అటవీ శాఖ వాటిని చూస్తాయి. ఏ పౌరుడైనా వెళ్ళవచ్చు, గుడారం వేసుకోవచ్చు. అయితే తోచినట్లు వేటాడరాదు.

ముందు లైసెన్సు తీసుకోవాలి. తరువాత రాష్ట్ర వన్యప్రాణి శాఖకు దరఖాస్తు పెట్టాలి. ఏ ప్రాంతంలో ఎన్ని దుప్పులను తీసినా మంద తగ్గదో ఆ శాఖ లెక్క వేసి, అన్నే అనుమతులు చీటీలు తీసినట్లు ఇస్తుంది. కోరిన ప్రాంతానికి పేరు రాక ఎందరో ఏళ్ళ తరబడి కనిపెడతారు. వీడికి రెండేళ్ళు రాలేదు, ఈసారి వచ్చింది. ఒక అనుమతికి ఒక్క దుప్పి. వెలుతురు ఉన్నప్పుడే కాల్చాలి. మనుష్యులున్న ఇంటికి పావు మైలు లోపల యజమాని సెలవు లేకుండా కాల్చరాదు. అడవి మృగాలకు దారి మూసుకుపోయేటట్లు నీటి గుంటకు పావు మైలు లోపల గుడారం వేయరాదు. తినదగిన మాంసాన్ని పారవేయడం అక్కడ నేరం. 1937లో చేసిన ఒక చట్టం ప్రకారం వేట తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్ను వన్యప్రాణుల పోషణకు పోతుంది. ఎండాకాలంలో ఎడారి నీటి తొట్లకు ట్యాంకర్లతో నీళ్ళు తోలడం కూడా ఆ శాఖ పనులలో ఒకటట.

"నాలుగు నెలల నుండి సిద్ధపడుతున్నాను మావయ్యా. ఎక్కడ ప్రజల భూమి ముగుస్తుందో, ఎక్కడ ఇతరుల పొలం మొదలవుతుందో పటం చూసి నేర్చుకుంటున్నాను. సెలవు దినాల్లో తెల్లవారకముందే గుట్ట ఎక్కి, దుర్భిణితో చూస్తూ కదలకుండా కూర్చుంటాను. మూడుసార్లు వెళ్తే ఒక్కసారి కనిపించాయి. గురి కుదిరే దూరం ఎంతో కొలుచుకున్నాను. అంతకు మించితే కాల్చను. ఎడారి వేడికి మాంసం పాడవుతుంది గనుక వెంటనే చర్మం తీసి చల్లబరచాలి. మంచు పెట్టెలు, మోయడానికి తోడు ఒక స్నేహితుడు, బండికి అదనపు చక్రం, అన్నీ వ్రాసుకున్నాను" అన్నాడు.

ఇంత శ్రమ చేసి వట్టి చేతులతో తిరిగి వస్తే ఏమిరా అని అడిగాను. "చాలామంది అట్లే వస్తారట మావయ్యా" అన్నాడు.

నేను వాడికి చెప్పదలచుకున్న మాటలు నా నోటనే ఆగిపోయాయి. ఎందుకో చెబుతాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. లైసెన్సుతో వేటాడే కొద్దిపాటి అవకాశాన్ని కూడా 1991 సవరణ తీసివేసింది. అది మంచిదే. మన అడవులు చిన్నవి, జనం ఎక్కువ. అయినా మా పల్లెలో నా చిన్నప్పుడు కొన్ని రాత్రులు అడవి మాంసం ఇంటింటికీ చేరేది. ఎవరు తెచ్చారని ఎవరూ అడిగేవారు కారు. మా నాన్నగారు తిన్నారు, నేనూ తిన్నాను. ఆ దుప్పి ఆడదో, కడుపుతో ఉన్నదో, ఎంతసేపు ఉచ్చులో కొట్టుకున్నదో మేము ఆలోచించలేదు. లెక్క లేదు, బాధ్యత లేదు.

వేటాడి పట్టినవాడు రక్తాన్ని ఒలికించి మట్టితో కప్పాలని లేవీయకాండము 17వ అధ్యాయంలో ఉన్నది. ప్రాణం తీసినవాడు వంగి, తన చేతులతో మట్టి తీయాలి. చేసిన పనిని కన్నులారా చూడక తప్పదు. నా మేనల్లుడు ఆ మట్టి తీయడానికి సిద్ధపడుతున్నాడు. మేము ఎన్నడూ తీయలేదు.

"నేను వద్దనను నాయనా. అయితే రెండు మాటలు ఇవ్వు. గురి మీద అనుమానముంటే కాల్చవద్దు. గాయపడినది కనబడకపోతే వదిలి రావద్దు, వెదకు" అన్నాను. సరేనన్నాడు.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. చివరకు ఫోను తీసుకొని, "నీళ్ళు ఎన్ని పట్టుకుపోతున్నావు?" అని అడిగింది.

"మనిషికి రోజుకు నాలుగు లీటర్లు అమ్మా."

"ఇంకో రెండు రోజులకు సరిపడా ఎక్కువ పెట్టుకో. ఎక్కడికి పోతున్నావో, ఎప్పుడు తిరిగి వస్తావో కాగితం మీద వ్రాసి కోడలికి ఇవ్వు." ఆమె ఒప్పుకోలేదని, విడిచిపెట్టనూ లేదని నాకు తెలిసింది.

తెల్లవారి తిరుగు రైలెక్కాను. కిటికీలోనుండి చూస్తుంటే మా ఊరి చేలే గుర్తుకు వచ్చాయి. అడవిపందుల నుండి మొక్కజొన్నను కాపాడుకోవడానికి రాత్రిపూట కరెంటు తీగలు పెట్టేవారు మన మధ్య ఇప్పటికీ ఉన్నారు. పంట పోతే రైతు కడుపు ఎట్లా మండుతుందో నాకు తెలుసు. కాని ఆ తీగ పందినీ, దుప్పినీ, పక్కింటి ఎద్దునూ, నీరు పెట్టడానికి వచ్చిన మనిషినీ ఒకటిగానే చంపుతుంది. ఎవరు చచ్చారో తీగ పెట్టినవాడు తెల్లవారితే గాని చూడడు.

ఎడారిలో ఒక్క దుప్పి కొరకు నాలుగు నెలలు ఆలోచించే మేనల్లుణ్ణి గద్దించడానికి నేను లింగంపల్లి దాకా పోయాను. నా సంఘంలో తీగలు పెట్టే సహోదరులతో మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ నోరు విప్పలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయిన తరువాత, చెట్టు క్రింద పురుషులతో కూర్చొని, మొదట నా చిన్ననాటి సంగతి చెప్పాను. తరువాత తీగల సంగతి ఎత్తాను. కొందరు తల వంచుకున్నారు. ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. ఆయన ఇంటికి రేపు వెళ్ళాలి.