చెల్లు

క్రయ దస్తావేజులో ధర ముట్టిందని రాసే చోటు ఒకటుంటుంది. నోట్లు లెక్కపెట్టి ఇచ్చినా, చెక్కు ఇచ్చినా, పాత బాకీకి చెల్లు వేసుకున్నా ధర ముట్టినట్టే. మాచర్ల దగ్గర మా మేనత్త రెండెకరాలను సున్నపురాయి కోసం ఒక కంపెనీ కొన్నప్పుడు జరిగింది ఈ మూడోది.

ఆ పొలం తాతయ్య ఆమెకు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. బాకీ మామయ్యది: పత్తికీ మిరపకీ తెచ్చిన ఎరువులూ పురుగుమందులూ. అదీ కంపెనీకి కాదు, ఎరువుల కొట్టుకు. కొట్టాయన దగ్గర ఆ బాకీని కంపెనీ తన పేర రాయించుకుని ధరలోంచి మినహాయించుకుంది. అప్పు చేసేటప్పుడు ఖాతా ఆయనది. తీర్చేటప్పుడు అది ‘ఇంటి అప్పు’ అయింది. ఆ పంటతోనే కదా ఆమే బతికింది అనేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. ఆ పత్తి ఏరిన కూలి మాత్రం ఏ ఖాతాలోనూ జమ పడలేదు.

బాకీ కింద భూమి రాసివ్వడం చట్టానికి కొత్తేమీ కాదు. అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం దావాలో చెల్లు అడగాలంటే ఇద్దరూ ఒకే హోదాలో ఒకరికొకరు బాకీ ఉండాలి. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఆ పొలం పూర్తిగా అత్తయ్యదే. ఆమె ఒప్పుకోకుండా భర్త అప్పు దానిమీద పడదు. ‘సంతకం చేసిందిగా’ అంటారు. చేసింది. మాటలన్నీ మగవాళ్ల మధ్య అయిపోయాక, రిజిస్ట్రారు ఆఫీసులో, చూపించిన చోటల్లా చేసింది.

దస్తావేజే రద్దు చేయిద్దామన్నారు మావాళ్లు. నాకది సరిపడలేదు. ధర మొత్తం ముట్టనంత మాత్రాన రిజిస్టరైన అమ్మకం రద్దు కాదని 2020లో సుప్రీంకోర్టు ఒక గుజరాత్ భూమి కేసులో చెప్పింది. ముట్టని డబ్బు కోసం దావా వేసుకోవాలి. 1882 ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ కింద ఆ మేరకు అమ్మినవాళ్లకు ఆ భూమి మీదే చార్జి ఉంటుంది.

దానికి ముందు అసలు బాకీ ఎంతో తెలియాలి. అత్తయ్య కొట్టుకు వెళ్లి ఖాతా చూపించమంది. “ఖాతా మీ ఆయన పేరున ఉందమ్మా, నీకెట్లా చూపిస్తాం?” అన్నాడట కొట్టాయన.

నోటీసులో మొదటి పేరాగా ఆ మాటే రాయించాం.