పునాదికి పట్టు, పైకప్పుకు పొదుపు

పెరట్లో వంటిల్లు కట్టుకుంటే ఇంటి ధర పెరుగుతుందని మా వారికి ఎవరో చెప్పారు. పెరగదు. రేపు ఈ ఇల్లు అమ్మకానికి పెడితే వచ్చేవాళ్లు పడగ్గదులు లెక్కపెడతారు, కారు పట్టే చోటు చూస్తారు. పెరటి పొయ్యికి పైసా ఎక్కువ ఇస్తారన్న ఆశ నాకు లేదు. అందుకే దాన్ని పెట్టుబడి కింద కాదు, ఖర్చు కింద రాశాను. అరిసెలు, చేపల వేపుడు, తిరగమోత ఘాటు అన్నీ ఇంట్లోంచి బయటికి పోవాలన్నదే మా అవసరం. ఆ సుఖానికి ఏటా ఎంత చెల్లించవచ్చన్నదే ఇక మిగిలిన లెక్క.

ఒక షోరూం వాళ్లు గీసిచ్చిన మాడ్యులర్ బొమ్మ ఖరీదు 4,10,000. చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ అరలన్నీ ప్లైవుడ్, గట్టు మీద క్వార్ట్జ్. క్వార్ట్జ్ పలకలో రాతిపొడిని పట్టి ఉంచేది రెజిన్. ఎండలో దాని రంగు మారుతుంది. ఇంటి లోపలి వంటగదిని పెరట్లోకి మోసుకొస్తే ఎండకూ వానకూ తెలియదు కదా, అది షోరూం సరుకని! నేను పెట్టుకున్న హద్దు రెండు లక్షలు.

ఆ రెండు లక్షలకు పర్సనల్ లోను తీసుకుంటే 14 శాతం వడ్డీతో మూడేళ్లపాటు నెలకు 6,836. వడ్డీయే 46,000 దాటుతుంది. చేతిలో నెలకు పదివేల చొప్పున ఇరవై నెలల చీటీ ఉంది, రిజిస్టరైనదే. నాలుగు నెలలు ముందు పాడుకుంటే 1,72,000 వచ్చేది. చివరిదాకా ఆగితే ఫోర్‌మన్ కమీషన్ 5 శాతం పోను 1,90,000. నాలుగు నెలల తొందరకు పద్దెనిమిది వేలు! ఆగాను. తక్కువపడ్డ పదివేలు ఇంటి పొదుపులోంచి తీశాను. ఈలోగా, 2025 సెప్టెంబరు 22 నుంచి, సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. మాకు పట్టే బస్తాలకు అదేమంత పెద్ద మొత్తం కాదు గానీ, ఆగినందుకు చిల్లర దొరికినట్టయింది.

అసలు ఆలోచనంతా ఈ డబ్బును ఎక్కడ గుమ్మరించాలి, ఎక్కడ బిగబట్టాలి అన్నదే. అన్నీ గట్టివే కొనాలంటే రెండు లక్షలు చాలవు; అన్నీ చవకవే కొంటే అయిదేళ్లకు మళ్లీ మొదలు. నేను ప్రతి వస్తువునూ ఒకే ప్రశ్న అడిగాను: ఇది పాడైతే మార్చడానికి అయ్యే ఖర్చు, ఇప్పుడు కొనే ఖర్చు కంటే ఎక్కువా? ఎక్కువైతే ఇప్పుడే గట్టిది. కాకపోతే చవకది, తేడా బ్యాంకులో.

ఒంగోల్లో మా పెరడు నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పునాది పైపైన వేస్తే గట్టు ఏదో ఒక మూల చీలుతుంది. నాలుగడుగులు తీసి, ఇసుక పోసి, తడిపి దిమ్మిస పెట్టించమన్నాను. “భూమిలో పోయే డబ్బమ్మా, ఎవరు చూడొచ్చారు? ఆ ఇరవైరెండు వేలు పెడితే మంచి సింకు, కుళాయిలు వస్తాయి” అన్నాడు మేస్త్రీ. కుళాయి పాడైతే గంటలో మారుతుంది. పునాది కుంగితే గట్టు, గొట్టాలు, గచ్చు అన్నీ పగలగొట్టాలి. నేల వాలూ అంతే: పదడుగులకు అంగుళంపావు తూమువైపు దిగాలని పట్టుబట్టాను. దానికి అదనంగా అయ్యింది మేస్త్రీ విసుగు మాత్రమే.

చోటు విషయంలో ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. మా అత్తయ్య ఆగ్నేయం అన్నారు. మాకు మధ్యాహ్నం సముద్రపు గాలి వచ్చేదీ అటునుంచే. పొగంతా తిన్నగా ఇంట్లోకే వస్తుంది. వాయవ్యమూ వంటకు పనికొస్తుందని పంతులుగారితో చెప్పించాక ఒప్పుకున్నారు. నీళ్ల గొట్టం పొడవు పెరిగి మరో మూడువేలైంది. చోటును మళ్లీ మార్చలేం కాబట్టి ఆ మూడువేలకు బేరమాడలేదు.

రాయి విషయంలో మా ఊరివాళ్లం అదృష్టవంతులం. నల్ల గెలాక్సీ గ్రానైటు పుట్టిన చీమకుర్తి మాకు పక్కనే. కోతలో మిగిలిన ముక్కలు పూర్తి పలకలో సగం ధరకు దొరికాయి. అతుకు కనిపిస్తుంది, కనిపించనీ. కడప బండ ఇంకా చవక, కానీ అది సున్నపురాయి జాతి. నమూనా ముక్క మీద నిమ్మకాయ పిండి రాత్రంతా వదిలితే తెల్లారేసరికి మచ్చ పడింది. చింతపండు పులుసు ఒలికే చోట అది పనికిరాదు. అదే బండను కింద అరలకు వాడాను. చెదపట్టదు, వానకు ఉబ్బదు. కట్టెల పొయ్యిని మాత్రం గ్రానైటుకు అంటకుండా విడిగా, అగ్గి ఇటుకతో, ఫైర్‌క్లేతో కట్టించాను. మంట తగిలే చోట సిమెంటు నిలవదు, వేడెక్కిన గ్రానైటు మీద చన్నీళ్లు పడితే పగులుతుంది.

స్టీలు దగ్గర అందరూ అయస్కాంతం తెస్తారు. దానివల్ల లాభం లేదు. 202కీ అంటుకోదు, 304కీ అంటుకోదు. తేడా నికెల్‌లో: 304లో సుమారు 8 శాతం, 202లో దాదాపు సగం. ఉప్పుగాలికి ముందు తుప్పుపట్టేది 202. బిల్లు మీద 304 అని రాయించుకున్నాను, సింకుకే కాదు, స్క్రూలకూ.

పైకప్పు దగ్గర లెక్క ఎదురు తిరిగింది. మా వారికి మంగుళూరు పెంకు మీద మనసు. పెంకుకు 40,000, రంగురేకుకు 16,000. ఉప్పుగాలికి రేకు ఎనిమిదేళ్లు నిలుస్తుందనుకున్నా, మిగిలిన 24,000 ఏడు శాతం వడ్డీకి అప్పటికి 41,000 అవుతుంది. పన్ను పోయినా, ధరలు పెరిగినా మరో రేకుకు సరిపోతుంది. గట్టిదనం పేరుతో పెంకుకు డబ్బు పెట్టడానికి నాకు కారణం కనిపించలేదు. ఎండాకాలం రేకు కింద వేడి నిజమే. కప్పు ఎత్తు పెంచి, రెండువైపులా గోడ లేకుండా వదిలేశాం. వేడి తగ్గింది, పోలేదు.

రేకును మోసే చట్రం మీద మాత్రం పిసినారితనం చూపలేదు. వెల్డింగ్ చేసిన చోట పైపు మీది జింకు పూత కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. అందుకని వీలైనంతవరకు నట్టు బోల్టులతో బిగించి, తప్పని అతుకుల మీద జింకు ప్రైమరు రెండుసార్లు పూయించాను. పెంకు బరువు మోసేంత లావు పైపులు వేయించడానికి అదనంగా ఆరువేలు. ఎనిమిదేళ్ల తర్వాత కూడా మా వారి మనసు పెంకు మీదే ఉంటే, అప్పుడు రేకు విప్పి పెంకు పరుచుకోవచ్చు.

కరెంటు పాయింటు ఒక్కటే, దానికి 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ. తడి నేల మీద నిలబడి మిక్సీ తిప్పేచోట పొదుపు ఉండదు. గ్యాసు పొయ్యి పాతదే. సిలిండరు అరకు కింద గాలి తూట్లు పెట్టించాం, ఎందుకంటే ఎల్‌పీజీ గాలికంటే బరువైనది, కారితే నేలబారునే నిలుస్తుంది. అర తలుపులు ఇంకా పెట్టలేదు. వడ్రంగి చెప్పిన తొమ్మిదివేలు ఎక్కువనిపించి, అల్యూమినియం పనివాడి ధర కోసం చూస్తున్నాను.