బండి కొనేటప్పుడు మీరూ ఎక్కి చూడండి

బండి కొనడం మగవాళ్ల పని అనుకుని మనం పట్టించుకోం కదూ! నేనూ అంతే. మా మొదటి బండికి వెనక చక్రం పక్కనుండే శారీ గార్డుని, చూడ్డానికి బాగాలేదని మావారు తీయించేశారు. నెల తిరక్కుండానే నా పైటకొంగు చక్రంలో చిక్కుకుంది. మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

అందుకే కొత్త బండి కొనేటప్పుడు చీర కట్టుకునే షాపుకి వెళ్లాను. మైలేజీ, ధర ఆయన చూసుకున్నారు. నేను వెనక ఎక్కి కూర్చుని సీటు, పట్టుకునే కమ్మీ, కాళ్లు పెట్టుకునే చోటు చూసుకున్నాను. రోజూ ఆఫీసుకి 100 సీసీ చాలు. కానీ మాది విశాఖ. ఆదివారాలు ఇద్దరం సింహాచలం కొండెక్కాలంటే 125 సీసీ నయమనిపించింది. నాకూ ఒక హెల్మెట్ కొనిపించాను.

అన్నట్టు, శారీ గార్డు, కమ్మీ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. షోకు కోసం తీయనివ్వకండి. కుండ కొన్నా తట్టి చూసే మనం, ప్రాణాలు మోసే బండిని చూడకుండా ఎక్కుతామా చెప్పండి?