పసుపు చెప్పే సబ్బు సంగతి

కువైట్‌లో తెల్లవారకముందే ఏ వీధిలోకి వెళ్లినా బకెట్టు, గుడ్డ పట్టుకున్న మనవాళ్లు కనిపిస్తారు. హౌస్ డ్రైవర్‌గా వచ్చినవాడికి బాబాని, అంటే ఇంటి యజమానిని, ఆఫీసుకీ, పిల్లల్ని స్కూలుకీ దింపడం ఎంత ఉద్యోగమో, ఎండ ముదరకముందే ఇంటి ముందున్న కార్లన్నీ కడిగి పెట్టడమూ అంతే ఉద్యోగం. కోనసీమలో రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు వైపు నుంచి వచ్చినవాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. నేనూ అలా వచ్చినవాణ్నే. ఇప్పుడు శువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాలో కార్లకి పాలిష్, వాక్స్ చేసే షాపులో పనిచేస్తున్నాను. మా దగ్గర ఒకేరోజు ఒకే వాక్స్ పూయించుకున్న రెండు కార్లు కొన్నాళ్లకి మళ్లీ వస్తాయి. ఒకదాని మీద వాక్స్ ఇంకా నిలిచి ఉంటుంది, రెండోదాని మీద ఆనవాలు కూడా ఉండదు. ఏ సబ్బుతో కడుగుతున్నారని డ్రైవర్‌ని అడిగితే చాలాసార్లు సంగతి అక్కడే తేలిపోతుంది.

ఈ మధ్య అమలాపురం నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. కొత్త కారు కొన్నారు, అయినవిల్లి వినాయకుడి దగ్గర పూజ చేయించారు. మర్నాడు బానెట్ మీది పసుపు బొట్లు కడుగుదామని మా బావగారు బకెట్టులో బట్టల పౌడరు కలిపి గుడ్డ పెట్టి రుద్దారట. పసుపంతా ఎర్రగా తిరిగింది.

“రంగు పాడైపోయిందేమో మావయ్యా. అమ్మయితే అపశకునం అంటోంది” అన్నాడు కంగారుగా.

“అపశకునం ఏమీ లేదురా అబ్బాయ్. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, ఇదీ అంతే. ఎర్రబడింది పసుపు, కారు రంగు కాదు. కానీ ఆ పౌడరు మళ్లీ కారు మీద వాడొద్దని నాన్నగారికి నా మాటగా చెప్పు.”

“షోరూములోనే వాక్స్ చేసి ఇచ్చారు కదా మావయ్యా, ఇంకేమవుతుంది?”

వాడికి ఫోనులో చెప్పినదే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను. గల్ఫ్ డబ్బుతో కొన్న కార్లు కోనసీమలో చాలా ఇళ్ల ముందున్నాయి. వాటిని కడిగేది పెద్దవాళ్లో కుర్రాళ్లో, అందుబాటులో ఉన్న సబ్బుతో కడుగుతారు.

కారు రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోటు ఉంటాయి. ఈ క్లియర్ కోటు మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. అంటే సుమారు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఎండా, ఉప్పుగాలీ, పక్షుల రెట్టలూ ముందు దీన్నే తింటాయి, ఒకసారి అరిగితే మళ్లీ రాదు. అందుకే దాని మీద వాక్స్ పూస్తాం. వాక్సుల్లో పేరున్నది కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లో సియరా, పియావీ రాష్ట్రాల్లో పెరిగే ఒక చెట్టు ఆకుల నుంచి వస్తుంది. మన కొబ్బరి, తాటి చెట్ల కుటుంబమే. ఎండాకాలం ఆకులో తేమ ఆవిరైపోకుండా ఆ చెట్టు తన ఆకులకి తానే మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే ఆ మైనం పొడిగా రాలుతుంది. దాన్ని కరిగించి వడగడతారు. కొన్ని మందుబిళ్లల మీదా చాక్లెట్ల మీదా మెరుపు కోసం పూసేది కూడా ఇదే. సుమారు 82 డిగ్రీల దాకా కరగదు. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. అలాంటి ఎండలో నిలిపిన నల్లకారు మీద చెయ్యి పెట్టలేం. అంత వేడికి తట్టుకునే మైనం విలువ ఏమిటో ఇక్కడ పనిచేసేవాడికి బాగా తెలుస్తుంది. కొబ్బరితోటల్లో పెరిగినవాణ్ని కాబట్టి, ఒక చెట్టు తన ఆకుల కోసం చేసుకున్నది కారుని కాపాడుతోందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయితే కార్నౌబా ఒక్కటే అయితే రాయిలా గట్టిగా ఉంటుంది, చేతితో పూయలేం. నూనెలూ ద్రావకాలూ కలిపి మెత్తబరుస్తారు. కాబట్టి కారు మీద చివరికి మిగిలేది పల్చని మైనపు పొర. నూనెనీ జిడ్డునీ పట్టి లాగడమే సబ్బు పని. అది చొక్కా కాలరు మీది జిడ్డో, కారు మీది వాక్సో అని సబ్బుకి తేడా తెలియదు. బట్టల పౌడర్లలో దీనికి తోడు వాషింగ్ సోడా ఉంటుంది. ఆ పౌడరు కలిపిన నీళ్ల పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) 10 చుట్టుపక్కల ఉంటుంది, మంచినీళ్లదేమో 7. ఒక్కసారి కడిగితే వాక్సంతా కొట్టుకుపోతుందని నేను భయపెట్టను. వారం వారం అదే నీళ్లతో, ఎండలో వేడెక్కిన రేకు మీద రుద్దితే మాత్రం ఒకటి రెండు నెలలు ఉండాల్సిన పొర చాలా ముందే పల్చబడుతుంది.

మా బావగారి బానెట్ మీద జరిగిందే ఇంట్లో చేసుకునే పరీక్ష కూడా. వాడబోయే సబ్బు గ్లాసు నీళ్లలో కాస్త కలిపి చిటికెడు పసుపు వేయండి. ఎర్రగా తిరిగితే అందులో క్షారం ఉన్నట్టే, అది కారుకి పనికిరాదు. పసుపుపచ్చగానే ఉంటే మొదటి గండం దాటినట్టు.

మొదటి గండమే అనడానికి కారణం ఉంది. గిన్నెలు తోమే లిక్విడ్లు కొన్ని ఈ పరీక్షలో నెగ్గుతాయి. పసుపు ఎర్రబడదు. అయినా అవి నూనె మూకుడు జిడ్డు వదిలించడానికే తయారైనవి. అప్పుడప్పుడూ వాడితే పెద్ద నష్టం లేదు కానీ, అలవాటుగా వాడితే వాక్స్ ఆయుష్షు తగ్గుతుంది. గిన్నెల సబ్బుబిళ్ల మరీ ప్రమాదం, అందులో అంట్లు రుద్దడానికి మెత్తటి రాతిపొడి కలుపుతారు. కొబ్బరి పీచు సంగతి చెప్పనే అక్కర్లేదు, క్లియర్ కోటు మీద గీతలు పడతాయి. తలకి రాసుకునే షాంపూలో జుట్టు మెత్తదనానికి కలిపే పదార్థాలు కారు మీద జిడ్డు పొరగా మిగులుతాయి.

కార్ల కోసమే చేసిన పీహెచ్ న్యూట్రల్ షాంపూకి రెండు గుణాలున్నాయి. వాక్స్ జోలికి పెద్దగా పోకుండా మురికిని వదిలిస్తుంది. రెండోది నా లెక్కలో ఇంకా ముఖ్యం. గుడ్డకీ రంగుకీ మధ్య జారుడు ఇస్తుంది, ఇసుక రేణువు గీసుకోకుండా జారిపోతుంది. సీసా మీద ఎంత కలపమని రాశారో అంతే కలపాలి. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రమన్నది ఇక్కడ పొరపాటు. షాంపూలోనే వాక్స్ కలిసినవీ దొరుకుతాయి. అవి మెరుపు పెంచుతాయి గానీ, విడిగా పూసిన వాక్స్‌కి సాటిరావు.

వాక్స్ ఉందో లేదో తెలుసుకోవడానికి నీళ్లు చల్లి చూస్తాం. చేమాకు మీద బొట్లలా గుండ్రంగా నిలిస్తే ఉన్నట్టు. నిలవకపోయినా వెంటనే వాక్స్ పోయిందని తేల్చకండి. కోనసీమలో ఇది మరీ గుర్తుంచుకోవాలి. ఇక్కడ కువైట్‌లో సముద్రపు నీటిని శుద్ధి చేసిన నీళ్లు వస్తాయి కాబట్టి కాస్త షాంపూకే నురగ లేస్తుంది. మన తీరం వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. అలాంటి నీళ్లలో మామూలు సబ్బుకి సరిగ్గా నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. నురగ రాలేదని ఇంకాస్త సబ్బు వేస్తారు. ఆ తెట్టు వాక్స్ మీద పేరుకుని నీటిబొట్లని నిలవనివ్వదు. మంచి షాంపూతో ఓసారి కడిగి, మంచినీళ్లతో తొలిపి, మళ్లీ చూస్తే కింద వాక్స్ ఉండొచ్చు.

అందుకే చివరి నీళ్లు మాత్రం ఉప్పు లేనివి పోయండి, కుళాయివైనా సరే, పట్టి ఉంచిన వాననీళ్లయినా సరే. నీడలో, పైనుంచి కిందికి కడగండి. షాంపూ నీళ్లకో బకెట్టు, గుడ్డ జాడించడానికి వేరే బకెట్టు పెట్టుకోండి. కడిగాక మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో వెంటనే తుడిచేయండి, లేకపోతే ఆరిన ప్రతి బొట్టూ ఉప్పు మరక అవుతుంది. అంతర్వేదికో ఓడలరేవు బీచికో వెళ్లొస్తే ఆ రోజే మంచినీళ్లు కొట్టించండి, ముఖ్యంగా బండి కిందిభాగానికి. వాక్స్ అక్కడిదాకా రాదు.

కాలవగట్టున మాత్రం కడగొద్దు. వండ్రు నీళ్లు రంగుని గీస్తాయి. అంతకంటే పెద్ద సంగతి, ఆ కాలవ నీళ్లే మన ఊళ్ల మంచినీళ్ల చెరువుల్లోకి వెళ్తాయి. వాటర్ సర్వీసింగుకి ఇస్తే ఏ షాంపూ వాడుతున్నారని అడగండి. సమాధానం నచ్చకపోతే మీ సీసా మీరే పట్టుకెళ్లండి. వాళ్లేమీ అనుకోరు.

సంక్రాంతికి ఊరెళ్లే డ్రైవర్ సోదరులకి ఒక మాట. ఇంటి ముందున్న ఆ కారు మనం ఇక్కడి ఎండల్లో పడ్డ కష్టం. ఇక్కడ బాబా కారుని ఎంత జాగ్రత్తగా కడుగుతామో మనకి తెలుసు, ఇంట్లో వాళ్లకి తెలియదు. కార్టన్లో షాంపూ మోసుకెళ్లక్కర్లేదు, న్యూట్రల్ షాంపూ మన దగ్గర కార్ల సామాన్ల షాపుల్లోనూ ఆన్‌లైన్లోనూ దొరుకుతోంది. ఒక పూట నాన్నగారినో తమ్ముణ్నో పక్కన నిలబెట్టుకుని కడిగి చూపించండి. బట్టల పౌడరు డబ్బాని బకెట్టు దగ్గర్నుంచి తీసి లోపల పెట్టించి మరీ రండి.