నల్లమట్టి దారిలో నాలుగు చక్రాలు

మా మేనల్లుడు కెనడాలో మాంట్రియాల్ అనే పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2024 కార్తీకమాసంలో వాడు ఫోను చేసి, "మామయ్యా, ఇవాళ కారుకి చలికాలపు టైర్లు వేయించాను" అన్నాడు. కార్తీకంలో మనం గుడికి దీపాలు పట్టుకు పోతాం. వాడు దుకాణానికి కారు పట్టుకు పోయాడన్నమాట.

"ఇదేం వేడుకరా?" అన్నాను.

వేడుక కాదట, చట్టమట! వాళ్ళుండే క్విబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 మొదలు మార్చి 15 వరకు కార్లకు మంచుటైర్లు వుండి తీరాలిట. చలి 7 డిగ్రీలకు దిగేసరికి మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోయి రోడ్డును పట్టుకోదట. చలికాలపు టైరులో రబ్బరు మెత్తగానే వుంటుంది. దానిమీద సన్నసన్నని గాట్లు. పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచుపువ్వు బొమ్మ.

"మీకేం మామయ్యా! బెజవాడ ఎండలో ఏ టైరైనా ఒకటే" అని ముగించాడు.

నేను నవ్వి వూరుకున్నాను. వాడు పుట్టి పెరిగింది హైదరాబాదులో. కృష్ణాడెల్టా నల్లమట్టి మీద వాన కురిసిన సాయంత్రం నాలుగడుగులు నడిచి యెరగడు. వాళ్ళ దారి జారాలంటే నెలల తరబడి చలి కావాలి. మా దారికి ఒక్క జల్లు చాలు.

1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బారేజి వచ్చింది. అక్కణ్ణించి బయల్దేరిన కాలవలే మాకు అన్నం పెడుతున్నాయి. మా దారులు చాలావరకు ఆ కాలవగట్ల మీదే పోతాయి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేను, నడుమ మనం. తారు వున్నంతసేపు బాగానే వుంటుంది. తారు అయిపోయి రేగడి మొదలయితే అసలు కథ మొదలవుతుంది. వేసవిలో కాలు దూరేటంత నెర్రెలిచ్చే ఆ మట్టి, నీళ్ళు తాగి వుబ్బి సబ్బుగడ్డయిపోతుంది. టైరు గాట్లలో అది నిండిందా, చక్రం నువ్వులుండలా నున్నగా తయారవుతుంది. ఇక ఆ వుండ యెటు దొర్లితే అటే మన ప్రయాణం.

ఇదంతా పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా అమ్మ దివిసీమలో, కోడూరు దగ్గర ఒక పల్లెలో వుంటున్నది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసి కూడా ఆ వూరు వదలని మనిషి. 2023 ఆశ్వయుజంలో ఒక రాత్రి, నూతి దగ్గర జారిపడి తుంటి విరిగిందని కబురు వచ్చింది. అద్దెకారు మాట్లాడుకుని వానలో పరుగెత్తాను. వూరికి మూడు కిలోమీటర్ల ఇవతల మట్టిగట్టు మీద కారు గిర్రున తిరిగి, వెనక చక్రం ఒకటి కాలవ మీద గాలిలో వేలాడింది. కిందికి దిగి దీపం వేసి చూస్తే, టైరు నా తలకాయకంటే నున్నగా వుంది. ఆ బురదలో నడిచి ఇల్లు చేరేసరికి తెల్లవారింది. అమ్మ రాత్రంతా నులకమంచం పట్టె పట్టుకుని పళ్ళబిగువున వుంది. చివరికి వూరివాళ్ళు మంచంతో సహా ట్రాక్టరు యెక్కించి తారురోడ్డు దాకా చేర్చారు. ఆ ట్రాక్టరు కుదుపులకు ఆవిడ మూలిగిన మూలుగు నాకు ఇప్పటికీ వినబడుతూనే వుంటుంది.

కారు కొనాలనే నిశ్చయం ఆనాటిదే. ఏ కారు అన్నదే తేలలేదు. మా బావమరిది, "బావగారూ, నాలుగు చక్రాలూ లాగే పెద్ద జీపు కొనండి" అన్నాడు. మా ఆవిడ ఏమీ అనకుండా బ్యాంకు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

ఆ రెంటి మధ్యా తీర్పు చెప్పినవాడు ఆటోనగర్ మేస్త్రీ. 1966లో యేర్పడిన ఈ ఆటోనగర్లో విప్పని బండి లేదు, బిగించని బండీ లేదు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి నాకు పాఠం చెప్పాడు.

"మేష్టారూ! నాలుగు చక్రాలు లాగే బండి బురదలోంచి బయటపడేస్తుంది, నిజమే. కాని ఆపటానికి అదేం యెక్కువ సాయం చెయ్యదు. బ్రేకులు అన్ని కార్లకీ నాలుగు చక్రాలకే. కాలవలో పడేవాళ్ళు కదలలేక పడరు, ఆగలేక పడతారు. మీకు చిన్నకారు చాలు. ఇప్పటి చిన్నకార్లకి ఇంజను ముందే, లాగే చక్రాలూ ముందే. బరువు వాటిమీదే వుంటుంది కాబట్టి పట్టు దొరుకుతుంది. పాత అంబాసిడరు వెనకనించి తోసేది. కింద యెత్తు 170 మిల్లీమీటర్లు వుండేట్టు చూసుకోండి. నలుగురు యెక్కితే అది తగ్గుతుందని మరిచిపోకండి."

తర్వాత టైరు పక్కనున్న అక్షరాలు చదివించాడు. 165/80 ఆర్ 14 అంటే, వెడల్పు 165 మిల్లీమీటర్లు, ఆ వెడల్పులో నూటికి 80 వంతులు యెత్తు, రేడియల్ టైరు, 14 అంగుళాల చక్రం. వెడల్పు టైరు చూపుకు బాగుంటుంది గాని పలచటి బురద మీద తేలిపోతుంది. సన్నటిది బురదను కోసుకుని అడుగున గట్టినేలను అందుకుంటుంది. చివరి నాలుగంకెలు జన్మపత్రిక: 2324 అని వుంటే 2024లో 23వ వారంలో పుట్టిందని. గాటు లోతు 1.6 మిల్లీమీటర్లు వుంటే చట్టం వూరుకుంటుంది, వాన వూరుకోదు. మూడుకు దిగగానే మార్చమన్నాడు.

పాతకారు చూస్తున్నానంటే ఇంకో హెచ్చరిక చేశాడు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు యెన్నో కార్లు నీళ్ళలో నానాయి. బారేజి దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించిన రోజులవి. మా కాలేజీ మిత్రుడొకాయన నీరు తియ్యగానే ఆత్రంగా తాళం తిప్పాడు. ఇంజనులో చేరిన నీరు గాలిలాగా అణగదు కదా! లోపలి కడ్డీ వంగింది. ఆయన చెయ్యి ఆగివుంటే ఆ ఇంజను బతికేది. అలాంటి కార్లు రంగు వేసుకుని అమ్మకానికి వస్తాయిట. సీటుబెల్టు పూర్తిగా లాగి చూడాలి, సీట్ల కింద మేకులు తుప్పు పట్టాయేమో చూడాలి, స్టెప్నీ గుంటలో వేలు పెట్టి చూడాలి. నేను చూసిన మూడో కారులో నా వేలికి సన్నటి ఒండ్రు అంటింది. నాలుగోది కొన్నాను.

శ్రావణంలో ప్రయాణం కట్టాం. బందరు కాలవ పక్కనే కంకిపాడు, చెరకు వాసనల ఉయ్యూరు దాటి, పామర్రు దగ్గర దక్షిణానికి తిరిగాం. కూచిపూడి వచ్చింది. పళ్ళెం అంచు మీద పాదాలు నిలిపి ఆడే వూరు. పళ్ళెం మీద నిలవడం యెంత కష్టమో చల్లపల్లి దారిలో నాకు తెలిసింది. అవి దమ్ముల రోజులు. ట్రాక్టర్ల దమ్ముచక్రాలు చేలో బురదను తెచ్చి తారు మీద పూసిపోయాయి. దానిపై తుంపర. మా మేనల్లుడి మంచు ఇదేనన్నమాట! మేస్త్రీ మాట తలుచుకుని, రెండో గేరులో, బ్రేకు తొక్కకుండా నడిపించాను. మోపిదేవి స్వామికి కారులోంచే దణ్ణం పెట్టి, పులిగడ్డ, అవనిగడ్డ దాటి కోడూరు దారి పట్టాం.

మట్టిగట్టు మీద ట్రాక్టరు చాళ్ళు వదిలి, నడిమి గడ్డి మీదుగా పోయాం. కిందటిసారి చక్రం వేలాడిన చోటు దాటాం. ఒళ్ళంతా చెమట పోసింది. అంతలో మురుగుకాలవ వంతెన మీద నీరు మోకాలెత్తున పారుతూ కనబడింది. అవతల వూరి కొబ్బరిచెట్లు కనబడుతున్నాయి.

"పోనిద్దామా?" అన్నాను.

"మీ మిత్రుడి తాళం గుర్తుందా?" అన్నది మా ఆవిడ.

గట్టున పశువుల్ని తోలుకుపోతున్న ముసలాయన చెప్పాడు: "సముద్రం పోటు మీదుంది బాబూ, మురుగు లాగదు. పాటు వస్తే తగ్గుద్ది, కూకోండి."

రెండు గంటలు కూర్చున్నాం. పులిహోర పొట్లాలు అయిపోయాయి. నీరు మెల్లగా తగ్గి వంతెన పైతలం బయటపడింది. అప్పుడు దాటాం.

అమ్మ కర్ర పొడుచుకుంటూ అరుగు దిగివచ్చింది. కారు రంగు చూడలేదు, లోపల మెత్తలు చూడలేదు. వంగి, కర్రతో టైరు మీద రెండుసార్లు తట్టింది.

"మీ నాన్న యెద్దుల్ని కొనేటప్పుడు ముందు గిట్టలు చూసేవారు. నువ్వూ చూశావా?"

"చూశానమ్మా."

"అయితే వస్తాను. బెజవాడలో ఆ యెముకల డాక్టరు రమ్మని యెన్నాళ్ళనించో అంటున్నాడుగా."

మర్నాడు ముందుసీటులో కూర్చుని, తలుపు వేసుకుని, నెమ్మదిగా అడిగింది: "మరి దిగబడితేనో?"

"ట్రాక్టరు అబ్బాయి ఫోను నంబరు రాసి పెట్టుకున్నానమ్మా" అన్నాను.

"అదీ మాట" అని సీటులో సర్దుకు కూర్చుంది.