రెండో గుమ్మి

మా ఇంట్లో విత్తనపు వడ్లు ఒక్కచోట పెట్టరు. కల్లంలో వడ్లు ఎండగానే మా బాపు విత్తనం రెండు భాగాలు చేసి, ఒక భాగం మా ఇంటి గుమ్మిలోను, రెండవది ఊరికి అవతలి దరినున్న పెద్దబాపు ఇంటి గుమ్మిలోను పోయిస్తాడు. అవి పొలాస పరిశోధన స్థానంలో పుట్టిన జగిత్యాల సన్నాలు. ఇందుకు ఏటా పెద్దమ్మకు రెండు కుంచాల వడ్లు ముట్టజెప్పవలె. అది అన్నదమ్ముల మధ్య ఏదో మొహమాటమని చిన్నప్పుడు నేననుకొన్నాను. ఒకసారి అడిగితే, "ఇల్లు కాల్తే వడ్లు గూడ కాల్తయి గద బిడ్డా. రెండిండ్లు ఒక్కనాడే కాలవు" అన్నాడు బాపు. ఆ మాట అప్పుడు చెవిన పడిందే కాని మనస్సుకు ఎక్కలేదు. ఎక్కడానికి సిరిసిల్లలో ఒక సేటు చేత చీవాట్లు తినవలసి వచ్చింది.

పోయిన వేసవి సెలవులకు నేను కోరుట్లలో మా మేనమామ కంప్యూటర్ల దుకాణంలో కూర్చున్నాను. ప్రింటర్లు బాగుచేయడం, సీసీ కెమెరాలు బిగించడం అక్కడి పని. ఒకనాడు సిరిసిల్ల నుండి ఒక బట్టల వ్యాపారి ఫోను చేశాడు. సాంచాలు నడిపే ఆసాములకు నూలు ఇచ్చి, బట్ట తీసుకొనే వ్యాపారం ఆయనది. ఎవరికి ఎన్ని కిలోల నూలు పోయింది, ఎన్ని మీటర్ల బట్ట తిరిగి వచ్చింది, ఎవరికి ఎంత కూలి బాకీ అన్న లెక్క అంతా కంప్యూటర్లోనే. 2021 సెప్టెంబరు వానలకు సిరిసిల్ల వీధుల్లోకి వరద వచ్చిన సంగతి చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. ఆ వరదలో ఆయన గోదాములో నూలు, గదిలో కంప్యూటరు రెండూ మునిగాయి. నూలు నష్టం నాలుగు నెలల్లో పూడిందట. లెక్కల నష్టం పూడలేదు. ఆసాముల జేబుల్లోని చిన్న పుస్తకాలు తెప్పించి, వాళ్ళ మాట వీళ్ళ మాట కలిపి ఖాతాలు మళ్ళీ వ్రాయించారు. ఇద్దరు ఆసాములతో మాటలు ఆ తర్వాత కలవనే లేదు.

తర్వాత ఆయన పెద్ద సర్వరు ఒకటి కొని మేడమీద పెట్టించాడు. ఆ ఒక్క పెట్టెలోనే నాలుగు వర్చువల్ మెషిన్లు. ఒకే పొలంలో ఒడ్లు పెట్టి నాలుగు మడులు చేసినట్లనుకోండి. ఒకదానిలో ఖాతాలు, ఒకదానిలో బిల్లులు, మూడోదానిలో హాజరు, నాలుగోదానిలో కెమెరాల బొమ్మలు. దేని పని దానిదే గాని, అన్నిటికీ పారేది ఒకే కాలువ. ఆ పెట్టె కాలినా, దొంగ ఎత్తుకపోయినా నాలుగు మడులూ ఒక్కసారే ఎండుతాయి. ఇపుడు క్లౌడులో, అంటే దూరాన ఇంకొకరి కంప్యూటర్లలో, వీటి నకలు ఉంచి, ఆపద వచ్చిననాడు అక్కడినుండే పని నడిపించడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టి ఇమ్మన్నాడు. మామకు తీరిక లేదు. "నువ్వు చదువుకునేది గదే గద అల్లుడా, పోయి రా" అన్నాడు. నేను బస్సెక్కాను.

లెక్క ఎంతో సులభమనిపించింది. మైక్రోసాఫ్టు వారి అజ్యూర్ సైట్ రికవరీలో ఒక్కో మెషిన్ను కాపాడినందుకు నెలకు 25 డాలర్లు, మొదటి 31 రోజులు ఉచితం. అమెజాన్ వారిదైతే సర్వరుకు గంటకు 0.028 డాలరు, నెలకు సుమారు ఇరవై డాలర్లు. నాలుగు మెషిన్లు, వంద డాలర్లు, డాలరుకు 88 రూపాయల చొప్పున 8,800. దుకాణం ముద్ర వేసి ఇచ్చాను. సేటు చూసి సంతోషించాడు. నేను అంతకన్నా సంతోషించాను.

ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను. ఆయన నాల్గవ తరగతి మించి చదువలేదు. అంతా విని, "గా మిషన్ల పని ఎంతుంటదో ఎప్పుడు కొలిచినవ్?" అని అడిగాడు. ఏడు రోజులు కొలిచానన్నాను. "సాంచాలు నడుస్తున్నయా?" ఆ వారం ఆర్డర్లు లేక సగం సాంచాలు ఆగి ఉన్నాయని చెప్పాను. బాపు ఇంకేమీ అనలేదు. అనవలసిన పని కూడా లేదు. నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు వానాకాలంలో నిండుగా ఉన్న బావిని చూసి ఆయన యాసంగికి నాలుగెకరాలు నాటు వేశాడు. మాఘం దాటేసరికి రెండెకరాలకే నీళ్ళందాయి. మిగిలిన రెండెకరాలలో పొట్టకొచ్చిన వరి పశువులు మేశాయి. ఆ ఏడు మా అక్క పెండ్లి వాయిదా పడింది.

మరునాడు కంపెనీ వారి కాగితాలు మళ్ళీ తీసి చదివాను, ఈసారి ధరల పట్టిక కాదు, పద్ధతి. నకలు అంటే ఒకసారి తీసి పెట్టేది కాదు. డిస్కు మీద మార్పు జరిగినప్పుడల్లా ఆ మార్పు తీగెమీదుగా పోతూ ఉండాలి. రోజుకు ఎంత మారుతున్నదో అదే ఈ లెక్కకు ప్రాణం. ఇందుకోసం వారే ఒక కొలత పరికరం ఇస్తారు. కనీసం ఏడు రోజులు కొలవమంటారు, 31 రోజుల దాకా కొలవవచ్చు. అది సగటును పట్టుకోదు. కొలతలన్నీ చిన్నదాని నుండి పెద్దదానికి పేర్చి 95వ వంతు దగ్గరి అంకెను తీసుకొని, ముందు పెరుగుదల కోసం మరో 30 శాతం కలుపుతుంది. పరికరం తెలివైనదే, కాని దానికి సాంచాలు ఆగిన సంగతి ఎవరు చెప్పాలి?

ఆర్డర్లు వచ్చి సాంచాలు పూర్తిగా నడిచాక మళ్ళీ కొలిచాను. మొదటిసారి రోజుకు 6 జీబీ మారితే ఇప్పుడు 19 జీబీ. పది గంటల పనివేళలో అది తీగె మీద సాగాలంటే సెకనుకు నాలుగు మెగాబిట్లకు పైగా ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. మొదటి నకలు పోవడం వేరే కథ. నిండిన సమాచారం 900 జీబీ. సేటు ఇంటర్నెట్ పైకి పంపే వేగం 20 మెగాబిట్లు. ఇంకే పనీ చేయకుండా పంపినా సరిగ్గా 100 గంటలు. ఇవేవీ నా మొదటి కాగితంలో లేవు.

లేనివి ఇంకా ఉన్నాయి. 25 డాలర్లన్నది కావలివాని జీతం మాత్రమే, గుమ్మి కిరాయి వేరు. అక్కడ నకలు దాచే డిస్కుకు ఎంత నిండిందని గాక ఎంత పెద్దదని చూసి కిరాయి వేస్తారు, అదీ మెట్లుగా. 300 జీబీ డిస్కుకు 512 జీబీ మెట్టు కిరాయి. వెనుకటి గంటలకు, రోజులకు తిరిగి పోవడానికి ఉంచే ఆనవాళ్ళకు ఇంకొంత, డిస్కు మీద ప్రతి వ్రాతకు ఇంకొంత, మీద 18 శాతం జీఎస్టీ. లోపలికి పంపడం ఉచితం. బయటికి తెచ్చుకొన్నప్పుడు ఛార్జీ. ఆపద రోజున అక్కడ మెషిన్ను లేపితే అప్పటినుండి గంటల బాడుగ నడుస్తుంది. అన్నీ కూడితే నాలుగు మెషిన్లకు నెలకు ఇరవై అయిదు వేలు దాటింది.

సేటు కోపగించాడు. "తమ్మీ, తొమ్మిది వేలంటివి, నెల తిరగకముందే మూడంతలాయె. రేపు ఇంకెంతంటవు?" అన్నాడు. ఆసాముల ముందు అన్నాడు. నేను తలవంచుకొని నిలబడ్డాను. తప్పు నాదే గనుక జవాబు లేదు.

అప్పుడు గుమస్తా కాక నన్ను పక్కకు పిలిచి చాయ్ తాగించాడు. ఆయన ముప్పై ఏండ్లుగా ఆ గద్దెమీద కూర్చున్నవాడు. ఊరికే మాటల్లో అడిగాను: "కాకా, పొద్దున్నుంచి వ్రాసిన చీటీలు పోతే ఏం జేస్తరు?" "మల్ల రాస్తం. కార్బన్ నకలుంటది." "రెండు రోజులవి పోతే?" "తగాదలే. నూలు ఇచ్చినమని మేము, తీసుకోలేదని వాళ్ళు." "హాజరు పోతే?" "మేస్త్రి నోట్లె ఉంటది." "కెమెరాల బొమ్మలు?" కాక నవ్వాడు. "గవి ఎవడు సూస్తడు?"

పుస్తకాల్లో ఈ రెంటికీ పెద్ద పేర్లున్నాయి. ఎంత వెనుకటి లెక్క పోతే తట్టుకొంటారు అన్నది ఒకటి, ఎంతసేపు పని ఆగితే తట్టుకొంటారు అన్నది రెండవది. మొదటిదాన్ని ఆర్‌పీవో అని, రెండవదాన్ని ఆర్‌టీవో అని అంటారు. రెండవది వినగానే మనకు బండ్ల లైసెన్సు ఆఫీసు తోస్తుంది, అది వేరే సంగతి. ఈ రెండు అంకెలు ఏ కంపెనీ కాగితంలోనూ దొరకవు. అవి గుమస్తా కాక దగ్గర ఉన్నాయి. నేను ముందు ఆయన దగ్గరికి పోకుండా ధరల పట్టిక దగ్గరికి పోయాను.

కొత్త లెక్కలో ఖాతాల మెషిను, బిల్లుల మెషిను మాత్రమే ఎప్పటికప్పుడు క్లౌడుకు పోతాయి. హాజరుకు వారానికొక మామూలు నకలు చాలు. కెమెరాలకు ఏదీ లేదు. నెలకు పన్నెండు వేల పైచిలుకు. దాని పక్కన ఇంకొక గడి గీసి, వరద వచ్చి పది రోజులు అక్కడినుండే పని నడిపితే అయ్యే అదనపు ఖర్చు విడిగా వ్రాశాను. నకలు ఉంచే ఊరు పూణే అనుకొన్నాము. మైక్రోసాఫ్టు వారికి చెన్నైలోను, ముంబయిలోను కూడా స్థానాలున్నాయి గాని, 2015 చెన్నై వరదలు టీవీలో చూసిన సేటు, "నీళ్ళ నుంచి పోయి నీళ్ళల్ల పడుడెందుకు" అన్నాడు. ఇందులో శాస్త్రం ఎంతో నేను చెప్పలేను.

"పెద్ద పెద్దోళ్ళకు గూడ అయితదా ఇట్ల?" అని అడిగాడాయన. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ వారి భవనం కాలినప్పుడు, నకలు కూడా అదే ఆవరణలో పెట్టుకొన్నవారికి రెండూ పోయాయని చెప్పాను. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ కంప్యూటర్ కేంద్రం అంటుకొని ఆరువందలకు పైగా వ్యవస్థలు ఆగాయి; ఉద్యోగుల దస్త్రాలు 858 టెరాబైట్లు, బయట నకలు లేక బూడిదయ్యాయి. ఇంత దూరమెందుకు, 2019లో మన రెండు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ పాలబడ్డాయి. ఈ చివరిదానితో చిక్కేమంటే, ఇక్కడ పాడైన సంగతి అంతే నమ్మకంగా అక్కడికీ నకలవుతుంది. అందుకే వెనుకటి ఆనవాళ్ళకు పైసలు పెట్టాలి. ఆ ఒక్క గడిని కొట్టివేయవద్దని సేటును బతిమాలుకొన్నాను.

ఒప్పుకొన్నాడు. ఆగస్టులో ఒక ఆదివారం పరీక్షకు పెట్టుకొన్నాము. అసలు పనికి భంగం లేకుండా అక్కడ మెషిన్లను ఉత్తుత్తిగా లేపి చూడవచ్చు. ఖాతాల మెషిను లేచింది. బిల్లుల మెషిను కూడా లేచింది, కాని బిల్లుల సాఫ్ట్‌వేరు తెరుచుకోలేదు. దాని తాళం పాత పెట్టెకు ముడిపడి ఉన్నది, కొత్తచోటు గుర్తుపట్టలేదు. అమ్మిన కంపెనీకి ఆదివారం సెలవు. రెండు గంటలు కూర్చొని, ఆ రోజు బిల్లు ఒక్కటీ తీయలేక లేచాము. నిజంగా వరద వచ్చిన రోజైతే, నెలనెలా పన్నెండు వేలు కట్టి కూడా మళ్ళీ ఆసాముల జేబు పుస్తకాల దగ్గరికే పోయేవాళ్ళం.

సేటు మళ్ళీ తిడతాడనుకొన్నాను. ఆయన కాసేపు ఊరుకొని, "ఇది ఇయ్యాలనే తెలిసింది, మంచిదే. మల్ల ఎప్పుడు జూద్దం?" అన్నాడు. రెండో తాళం కొనే ఖర్చు, ఏడాదికి రెండు పరీక్షల ఖర్చు కాగితం అడుగున చేర్చాను. తాళం వచ్చింది. రెండో పరీక్ష దసరా తర్వాతి ఆదివారం చేశాము. పూణేలోని మెషిన్ నుండి సిరిసిల్ల ప్రింటరు మీద ఒక ఆసామి పేర బిల్లు వచ్చింది. కాక దాన్ని చించి పారేయలేదు, గల్లాపెట్టెలో పెట్టుకొన్నాడు. కార్బన్ చీటీలు మాత్రం మానలేదు.

పండుగకు ఇంటికి పోయినప్పుడు ఆ కాగితం బాపుకు చూపించాను. ఆయన అంకెలన్నీ వేలితో తడుముతూ చూసి, "మీ పెద్దమ్మ రెండు కుంచాలకే ఒప్పుకున్నది" అన్నాడు.